రిజిస్ట్రేషన్ బల్ల మీద ఆ ప్లాన్ కాగితం కూడా అడగండి

తెలంగాణ పురపాలక శాఖ పెద్దలకు, స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖ పెద్దలకు,

నమస్కారం.

నాది సూర్యాపేట. అక్కడ 28 ఏళ్లు మందుల షాపు నడిపాను. మోకాళ్లు సహకరించక 2022లో షాపు అమ్మేశాను. మా నాన్న ఇచ్చిన పొలంలో మూడెకరాలు కూడా అమ్మి, ఇంకో నలభై లక్షలు లోను తీసుకుని, హైదరాబాద్ శివారులో అద్దెలకిచ్చే బిల్డింగు ఒకటి కొన్నాం. 267 గజాల స్థలం. కింద పార్కింగు, అందులోనే ఒక మూలకు కిరాణా షాపు, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండేసి పోర్షన్లు, అన్నిటికన్నా పైన పెంట్‌హౌస్. ధర 2 కోట్ల 40 లక్షలు. నెలకు లక్షా పాతిక వేల దాకా అద్దెలు వస్తాయన్నారు, వచ్చాయి కూడా. పెన్షన్ లేని మనిషికి ఇంకేం కావాలి అనుకున్నాం, నేనూ మా ఆవిడా.

ఆ బిల్డింగుకు మున్సిపల్ ఆఫీసు ఇచ్చిన అనుమతి కింద పార్కింగు, పైన రెండు అంతస్తులు. అంతవరకే. మూడో అంతస్తు, నాలుగో అంతస్తు, పెంట్‌హౌస్, కిరాణా షాపు, ఇవేవీ ప్లాన్‌లో లేవు. ఓసీ అయితే అసలు తీసుకోనే లేదు. ఓసీ అంటే, కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, ఇందులో మనుషులు ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం. ఈ సంగతులన్నీ కొన్న మూడేళ్లకు తెలిశాయి నాకు. తెలిసినప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. నా సొమ్ము గురించి టెన్షన్ ఒకటైతే, ఆ ఇంట్లో ఉంటున్న తొమ్మిది కుటుంబాల గురించి ఇంకొకటి.

అమ్మిన మనిషి మోసం చేశాడు, నిజమే. నేను అడగవలసిన ప్లాన్ కాగితం అడగలేదు, అదీ నిజమే. కానీ ఆ కాగితం మీ దగ్గర ఉంది. 2018 నుంచి మీ ఫైల్లోనే ఉంది. నేను డబ్బు కట్టే రోజున దాన్ని బయటికి తీసి చూపించే ఏర్పాటు ఒక్కటి లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

రిజిస్ట్రేషన్ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఏప్రిల్ ఎండ. మా ఆవిడ వేళ్లు తడారిపోయి మెషీన్‌లో వేలిముద్ర పడలేదు, మూడుసార్లు గుడ్డతో తుడిచి పెట్టించారు. కెమెరా ముందు కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఆధార్ చూశారు, పాన్ చూశారు, ఇంటి పన్ను రసీదు చూశారు, సాక్షుల కార్డులు చూశారు. డాక్యుమెంటులో షెడ్యూల్ చదివి వినిపించారు: స్టిల్టు (కింది పార్కింగు), మొదటి అంతస్తు, రెండో అంతస్తు, మూడు, నాలుగు, పెంట్‌హౌస్, ఒక్కో దానికి ఇన్ని చదరపు అడుగులు అని విడివిడిగా ఉంది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. చలానా 18 లక్షలకు కట్టాను. మున్సిపల్ ప్లాన్ ఏదీ అని గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ అడగలేదు.

అంటే ఒక శాఖ లెక్కలో లేని అంతస్తులకు ఇంకో శాఖ చదరపు అడుగులు కొలిచి డ్యూటీ తీసుకుంది. ఇది ఒక్క ఆఫీసు తప్పని నేను అనను. నాతో పాటు ఆ రోజు బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఎవరినీ అడగడం నేను చూడలేదు.

కొనేముందు నేను జాగ్రత్త పడలేదా అంటే, నాకు తెలిసినంత పడ్డాను. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తెప్పించాను. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, అప్పుల చిట్టా, తీయించాను. లాయరుకు ఇచ్చి లీగల్ ఒపీనియన్ రాయించాను. లోను ఇచ్చిన ఫైనాన్సు సంస్థ కూడా తన లాయరుతో వేరే చూపించుకుంది. అందరూ రాసింది ఒకటే మాట, టైటిల్ క్లియర్. ఆ మాట అబద్ధం కూడా కాదు. స్థలం అమ్మినవాడిదే, తగాదాల్లేవు. కానీ లాయరు చూసింది నేల ఎవరిదని. ఆ నేల మీద లేచిన గోడలకు అనుమతి ఉందా లేదా అని చూడడం ఆయన పని కాదట. వాల్యుయేషన్‌కు వచ్చిన ఇంజినీరు అన్ని అంతస్తులూ తిరిగి ఫొటోలు తీసుకుని విలువ కట్టి వెళ్లాడు. అనుమతి సంగతి ఆయన పని కూడా కాదట.

ఈసీలో ఒక లైను ఉంది. 2018లో మొదటి అంతస్తులో కొంత భాగం మున్సిపల్ కమిషనర్ పేరున మార్ట్‌గేజ్ అయినట్టు. ఇదేంటని మధ్యవర్తిని అడిగాను. "అది మామూలే సార్, ప్లాన్ పాస్ కావాలంటే అందరూ ఇచ్చేదే" అన్నాడు. ప్లాన్ కోసం ఇచ్చేదేనన్నది నిజం. ప్లాన్ ప్రకారమే కడతానని హామీగా యజమాని పది శాతం దాకా కట్టడాన్ని మున్సిపాలిటీకి తాకట్టు పెడతాడు. కట్టడం పూర్తయి ఓసీ వచ్చాక దాన్ని విడిపిస్తారు. అంటే నాలుగేళ్ల తర్వాత కూడా ఆ తాకట్టు విడుదలైనట్టు ఈసీలో లేదంటే ఓసీ రాలేదనే అర్థం. నా కళ్ల ముందే ఉంది సాక్ష్యం, చదవడం తెలియలేదు. ఇది చదువుతున్నవాళ్లలో బిల్డింగు కొనబోయేవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఈసీలో ఆ లైను వెతకండి. ఉండి, విడుదల కాకపోతే బయానా ఇవ్వకండి.

నా షాపు సంగతి ఇక్కడ చెప్పాలి. మందుల షాపులో రెండు రూపాయల మాత్ర అమ్మాలన్నా, ఆ షీటు మీద బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే గడువు దాటిన ఒక్క షీటు దొరికినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. షీటులోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చేటప్పుడు, గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా మిగల్చడం నాకు చేతి అలవాటు అయిపోయింది. కొనేవాడు చూసినా చూడకపోయినా, అది ఆ వస్తువు మీదే ఉంటుంది. ఇంటికి అలాంటిది లేదు. మనిషి జీవితంలో కొనే అన్నిటికన్నా ఖరీదైన వస్తువు, దాని గడువు తేదీ లాంటి కాగితం ఎక్కడో ఆఫీసు బీరువాలో ఉంటుంది, కొనేవాడే వెతుక్కుంటూ వెళ్లాలి.

నాకు మొదటి అనుమానం 2024లో వచ్చింది. ఒకాయన బిల్డింగు మొత్తం లీజుకు అడిగాడు, ఐటీ పిల్లలకు హాస్టల్ పెడతాడట. నెలకు లక్షా ఎనభై వేలు ఇస్తానన్నాడు. ఆయన చాలా హాస్టళ్లు నడిపినవాడు, అందుకని నన్ను అడిగిన మొదటి ప్రశ్నే "ల్యాండ్ యూజ్ ఏముంది అంకుల్?" అని. నాకా మాట అర్థం కాలేదు. ఆయనే ఫోనులో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్ మ్యాపు తీసి, సర్వే నంబరు పెట్టి చూపించాడు. మనం ఇల్లు అనుకునే ప్రతి స్థలానికీ ఆ మ్యాపులో ఒక జోన్ ఉంటుంది. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, పెరి అర్బన్, కన్జర్వేషన్, ఇలా. మాది నివాస జోనే, అదొక్కటి నా అదృష్టం. కానీ కుటుంబాలు ఉండే ఇల్లుగా అనుమతి తీసుకున్న కట్టడాన్ని హాస్టల్‌గా మారిస్తే వాడకం మారినట్టే, దానికి మళ్లీ అనుమతి కావాలి. ఆయన ప్లాన్ కాపీ అడిగాడు. అమ్మిన మనిషికి ఫోన్ చేశాను. "పాత ఇంట్లో ఎక్కడో పడిపోయింది అన్నా, వెతికిస్తా" అన్నాడు. నెల తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. హాస్టల్ ఆయన వేరే బిల్డింగు చూసుకున్నాడు.

జోన్ సంగతి తెలిశాక చుట్టూ చూడడం మొదలుపెట్టాను. మాకు తెలిసిన కుటుంబం ఒకటి చెరువు పక్కన ఆరు పోర్షన్ల ఇల్లు కొంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే నీళ్లు నిండే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు కట్టడం ఉండకూడదు. వాళ్లకు ఈ సంగతి 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక టీవీలో చూస్తే తెలిసింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు పెట్టిన జీవో 111 ఉందని చాలామంది విన్నారు, తాము కొంటున్న స్థలం ఆ గ్రామాల్లో ఉందో లేదో చూసుకున్నవాళ్లు తక్కువ. మ్యాపు ఉంది, నెట్‌లో అందరికీ కనిపిస్తుంది. కానీ సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో పొలం అమ్ముకుని వచ్చినవాడికి అలాంటి మ్యాపు ఒకటుందని ఎవరు చెబుతారు?

2025లో అసలు దెబ్బ తగిలింది. మా ఫైనాన్సు సంస్థ వడ్డీ ఎక్కువని, లోను ఒక బ్యాంకుకు మార్చుకుందామని వెళ్లాను. మేనేజరమ్మ చాలా మర్యాదగా మాట్లాడింది. ఓసీ ఉంటేనే లోను అంది. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చిన తీర్పు గురించి ఆమె చెబితేనే తెలిసింది. ఓసీ చూశాకే బ్యాంకులు లోను ఇవ్వాలి, ఓసీ చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి, అక్రమ కట్టడంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదు, తప్పుడు పత్రం ఇచ్చిన అధికారి మీద కూడా చర్య తీసుకోవాలి అని అందులో ఉంది. మంచి తీర్పు. నాలుగేళ్ల ముందు వచ్చి ఉంటే నేను ఈ బిల్డింగు కొని ఉండేవాణ్ణి కాదు.

అప్పుడు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ప్లాన్ కాపీ అడిగాను. నెలలోపే ఇచ్చారు, అందుకు ఆ ఆఫీసుకు కృతజ్ఞతలు. ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. మడతలు లేవకుండా నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టింది మా ఆవిడ. బొమ్మ చాలా అందంగా ఉంది. రెండు అంతస్తులు, అంతస్తుకు ఒక్కటే ఇల్లు, విశాలమైన హాలు, రెండు పక్కలా మీటరున్నర ఖాళీ. మా ఆవిడ చాలాసేపు చూసి "ఇది మన ఇల్లు కాదండీ" అంది.

మర్నాడు టేపు పట్టుకుని కొలిచాను. తూర్పు వైపు మీటరున్నర ఉండాల్సిన చోట రెండడుగులు. పడమర వైపు ఖాళీయే లేదు, మూడో అంతస్తు వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి కిటికీ ఊచలు అందుతాయి. మెట్ల వెడల్పు మూడడుగులకు రెండంగుళాలు తక్కువ. ఇంకొకటి ఆ ప్లాన్‌లోనే చూశాను. మా ముందున్న రోడ్డు ఇప్పుడు 30 అడుగులు. మాస్టర్ ప్లాన్‌లో 60. అంటే మా వైపు 15 అడుగులు రోడ్డుకు పోవాలి. ప్లాన్‌లో ఆ గీత స్పష్టంగా గీసి, దాని వెనక్కి జరిగి కట్టమని ఇచ్చారు. కట్టినవాడు ఆ గీత దాటి ముందుకొచ్చాడు. గీత ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాను. కిరాణా షాపూ, మెట్లూ పూర్తిగా రోడ్డులో ఉన్నాయి. రేపు రోడ్డు వెడల్పు చేస్తే పైనున్న పోర్షన్లకు ఎక్కే దారే ఉండదు.

ఇంటి పన్ను సంగతి కూడా అప్పుడే బయటపడింది. మొదటి ఏడాది పన్ను ఎక్కువగా ఉంటే అద్దెల బిల్డింగు కదా అని కట్టేశాను. తర్వాత చూస్తే అందులో అసలు పన్ను కన్నా పెనాల్టీయే ఎక్కువ. ఓసీ లేని ఇంటికి ఏటా ఆస్తి పన్నుకు రెండింతలు పెనాల్టీ వేయొచ్చని నిబంధన. అంటే నా బిల్డింగు అక్రమమని ప్రతి ఏడాదీ గుర్తుపెట్టుకుని మరీ వసూలు చేస్తున్నారు. ఆ బిల్లు మీద పెద్ద అక్షరాలతో "ఈ కట్టడానికి ఓసీ లేదు" అని నాలుగు ముక్కలు తెలుగులో అచ్చు వేసి ఉంటే, 2022లో అమ్మకందారు ఆ రసీదు నా చేతికి ఇచ్చినప్పుడే నేను ఆగేవాణ్ణి.

సరే, ఇప్పుడేం చేయాలని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కుర్రాడు ఓపికగానే చెప్పాడు. పక్క ఖాళీల్లో పది శాతం లోపు తేడా అయితే జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు పెద్దాయనా, అంతస్తులకు అది లేదు అన్నాడు. బీఆర్‌ఎస్, అంటే ఫీజు కట్టి అక్రమ కట్టడాన్ని సక్రమం చేయించుకునే పథకం, ఉందిగా అన్నాను. 2015లో ఇచ్చిన క్రమబద్ధీకరణ పథకం 2015 అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే. మాది 2019లో కట్టింది. పైగా ఆ పథకం మీద హైకోర్టులో కేసు పడి దరఖాస్తులు ఏళ్లకేళ్లు ఆగిపోయాయి. బయటికి వస్తుంటే వరండాలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి "మళ్లీ స్కీం వస్తుంది, కంగారు పడకండి" అన్నాడు. అలాంటి ధైర్యం చెప్పేవాళ్లు నాకు ఈ మధ్య చాలామంది దొరికారు.

నేను మళ్లీ స్కీం పెట్టమని అడగడం లేదు. ఇది గట్టిగానే చెబుతున్నాను. 2007లో ఒకటి వచ్చింది, 2015లో ఒకటి వచ్చింది, రెండుసార్లూ ఇక ఇదే ఆఖరు అన్నారు. నాకు అమ్మిన మనిషి 2018లో ప్లాన్ తీసుకుని 2019లో రెండు అంతస్తులు ఎక్కువ వేసింది మూడోది వస్తుందన్న నమ్మకంతోనే. స్కీం వస్తే ఫీజు కట్టేది కొన్నవాడు, లాభం ముందే తీసుకుని వెళ్లిపోయింది కట్టినవాడు. ఫీజు కట్టినంత మాత్రాన మెట్లు వెడల్పు కావు, పక్కింటికీ మా ఇంటికీ మధ్య ఖాళీ పుట్టదు. నాకు లాభమైనా సరే, అలాంటి స్కీం వద్దు.

ఎందుకు వద్దంటున్నానో ఇంకాస్త చెప్పాలి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు పెట్టారు, నిప్పంటుకుని పైన ఉన్నవాళ్లు కనీసం తొమ్మిది మంది పోయారు. మరుసటి ఏడాది నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాదికి తవ్వితే, ఇరుకు స్థలంలో లేచిన బిల్డింగు ఒకటి పక్కకు ఒరిగిపోయింది. అద్దెకున్నవాళ్లు కట్టుబట్టలతో పరిగెత్తారు. తర్వాత దాన్ని కూల్చేశారు. ఆ వార్తలు వచ్చినప్పుడు అందరిలాగే నేనూ అయ్యో అనుకున్నాను. ప్లాన్ చేతికొచ్చాక మా బిల్డింగు కిందికి వెళ్లి నిలబడి చూశాను. పది కరెంటు మీటర్లు ఒకే బోర్డు మీద. దాని కింద పదకొండు బైకులు. బోర్డుకు నాలుగడుగుల దూరంలో కిరాణా షాపు, బయట అట్టపెట్టెలు, నూనె డబ్బాలు. పైకి, కిందికి ఆ ఒక్క ఇరుకు మెట్లే. పైన చిన్నపిల్లలతో కలిపి 34 మంది.

ఆ వారమే కిరాణా అతనితో మాట్లాడి, రెండు నెలల అద్దె వదిలేసి, అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చి షాపు తీయించేశాను. అతనికి ఇద్దరు పిల్లలు, పాపం, అతనేం తప్పు చేశాడు? పార్కింగు చోట షాపు ఉండకూడదని నాకూ తెలియదు, అతనికీ తెలియదు. పెంట్‌హౌస్‌లో ఉన్నవాళ్లు తమ పిల్లల పరీక్షలు అయ్యాక ఖాళీ చేస్తామన్నారు. ఆ తర్వాత దాన్ని నేనే తీయించేస్తాను. మీ నోటీసు కోసం ఆగను.

ఇక నేను అడిగేది. కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన బిల్డింగు రూల్సు, అందులోనే రాసి ఉంది. మంజూరైన ప్లాన్ కాపీ దాఖలు చేశాకే, ఆ ప్లాన్‌లో అనుమతి ఉన్న విస్తీర్ణం వరకే రిజిస్టర్ చేయాలట. ఖాళీలు, అంతస్తుల సంఖ్య ప్లాన్ ప్రకారమే ఉన్నట్టు డాక్యుమెంటులో స్పష్టంగా రాయాలట. లోను ఇచ్చేవాళ్లు కూడా అనుమతి ఉన్న మేరకే ఇవ్వాలట. నేను కొనడానికి పదేళ్ల ముందే ఇదంతా ఉంది. ఆ పేజీ చదివినప్పుడు కోపం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది నాకు. నా కోసమే ఎవరో ఆలోచించి రాసిపెట్టారు, దాన్ని నా దాకా ఎవరూ తీసుకురాలేదు.

ఆ రూలును ఒక్క రోజులో అన్నిచోట్లా అమలు చేస్తే రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయని, ఆదాయం పడిపోతుందని మీకు భయం ఉండొచ్చు. అయితే మొదటి మెట్టుగా ఇదైనా చేయండి. సేల్ డీడ్ నమూనాలో మూడు గళ్లు పెట్టండి. అనుమతి నంబరు, ఆ అనుమతిలో ఎన్ని అంతస్తులు, ఓసీ నంబరు. ఉంటే నింపుతారు. లేకపోతే అక్కడ "ఓసీ లేదు" అని ఎర్ర సిరాతో తెలుగులో రాసి, కొనేవాడి చేత ఆ మాట కింద వేలిముద్ర వేయించండి. తెలిసి కొంటే అది అతని ఇష్టం. తెలియక కొనే పరిస్థితి ఉండకూడదు. ఈసీలో అప్పు వివరాలు వచ్చినట్టే ఈ మూడూ రావాలి. మున్సిపల్ అనుమతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఇంటి పన్ను నంబరు ఆన్‌లైన్‌లో ఉంది, రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మూడు కంప్యూటర్లూ ప్రభుత్వానివే, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

రెండో సంగతి, బాధ్యత కట్టినవాడిది కావాలి. 2020 టీఎస్ బీపాస్ చట్టం, అంటే బిల్డింగు అనుమతుల చట్టం, అక్రమ కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఇచ్చింది. కూల్చినప్పుడు పోయేది ఎవరి సొమ్ము? అప్పటికి ఆ ఆస్తి ఎవరి పేరున ఉంటే వాళ్లది. ప్లాన్ మీద యజమానిగా సంతకం పెట్టినవాడు, కింద సంతకం పెట్టిన ఇంజినీరు, ఇద్దరి పేర్లూ మీ ఫైల్లో ఉన్నాయి. జరిమానా వాళ్ల నుంచి వసూలు చేయండి. వాళ్లు ఇంకో చోట ప్లానుకు వస్తే ముందు ఈ బాకీ తీర్చమనండి. అది జరిగితే నాలుగో అంతస్తు వేయాలనుకునే మేస్త్రీ చెయ్యి కూడా ఒకసారి ఆగుతుంది.

మూడోది మాలాంటివాళ్ల కోసం. ఇప్పటికే కొనేసి, తప్పు సరిచేసుకుంటామని ముందుకొచ్చేవాళ్లకు ఒక దారి పెట్టండి. ఏ భాగం తీసేయాలి, ఎప్పటిలోగా, తీసేశాక మిగిలినదానికి ఓసీ ఇస్తారా లేదా, ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. పై అంతస్తులు తీస్తే నా అద్దెలు సగానికి పడిపోతాయి, ఈఎంఐ మాత్రం అంతే ఉంటుంది. అయినా చేస్తాను. కానీ అవి తీసేశాక కూడా పక్క ఖాళీలు లేవు కాబట్టి ఓసీ రాదంటే, నేను ఏ ధైర్యంతో తీయించాలి? ఈ ప్రశ్న నేను లిఖితపూర్వకంగా ఇచ్చి చాలా రోజులైంది. రసీదు ఉంది, జవాబు లేదు.

మొన్న ఆదివారం నాలుగో అంతస్తు అమ్మాయి నీళ్ల మోటారు వేయడానికి కిందికి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుంది, రెండేళ్ల బాబు ఉన్నాడు. నేను గేటు పక్కన గోడకు ప్లాన్ కాపీ అతికిస్తున్నాను. టులెట్ బోర్డు పక్కనే పెట్టాను, పోర్షన్ చూడడానికి వచ్చేవాళ్లు ముందు అది చూడాలని. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, అంతస్తులు వేలితో లెక్కపెట్టుకుని, "మా ఇల్లు ఇందులో లేదేంటి అంకుల్?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మేము ఉండొచ్చా, ఖాళీ చేయాలా?" అంది.

అదే మాట మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ అమ్మాయికి ఏం చెప్పమంటారు?

ఇట్లు,
సూర్యాపేట నుంచి వచ్చిన ఒక మందుల షాపు మనిషి